చుట్ల లెక్క

మత్సుమోతో చలికి కర్ర ముడుచుకుంటుంది.
గిటారు మెడ అంచున ఫ్రెట్ల కొసలు పొడుచుకొచ్చి
అరచేతిని గీరతాయి.
ఆకురాయితో వాటిని అరగదీయడమే
మొదటి ఏడాదంతా నా పని.

గోడవార బల్ల కుబోదెరా గారిది.
ఏడేళ్లు ఆరిన సెన్ చెట్టు పలకని
వేలి కణుపుతో కొడతారు.
"విన్నావా, పలుకుతోంది."
నాకు ఎవరో తలుపు తట్టినట్టే ఉంటుంది.

కిటికీ పక్క బల్ల తోమియే గారిది.
వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ
ఆమె వేళ్ల సందులోంచి జారి
ఆరు అయస్కాంతాల చుట్టూ చేరుతుంది.
బిగిస్తే తెగుతుంది, వదులైతే
ఆంప్లిఫయర్ ముందు ఈల వేసి పరువు తీస్తుంది.
"అయస్కాంతానికి చెట్లతో చుట్టరికం లేదు నాయనా,
దానికి తెలిసింది ఉక్కు ఒక్కటే."

ముప్పై ఏళ్ల పేచీ.
మధ్యాహ్నం ఒకే డబ్బాలో ముల్లంగి ఊరగాయ నంజుకుంటూ
అక్కడే ఆపిన మాట అక్కణ్ణించే ఎత్తుకుంటారు.

ఫిబ్రవరిలో, మంచు పడి కరెంటు వచ్చీ పోతున్న సాయంత్రం,
నాకో కొంటె బుద్ధి పుట్టింది.
పక్కవీధి మిసో కొట్టువాళ్లు పారేసిన
పీపా పలక కోసి ఒళ్లు చేశాను.
మెడ అదే. ఇత్తడి వంతెన అదే. తీగలవే.
తోమియే గారు చుట్టిన పికప్పూ అదే.
ఇద్దర్నీ పరదా ఇవతల కూర్చోబెట్టాను.

ముందు సెన్.
మరలు విప్పి బిగించడానికి అరగంట, ఈలోగా టీ.
తర్వాత పీపా.

"రెండోది తొందరగా చచ్చిపోతోంది," అన్నారు తోమియే గారు,
"లావు తీగ మీద మరీను, తడిగుడ్డ ఉతికినట్టు."
అని, నాలిక కరుచుకున్నారు.

"ఆ రెండోదే సెన్," అన్నారు కుబోదెరా గారు.

ఎవరం నవ్వలేదు.
ఆయన లేచి పరదా పక్కకి లాగి
ప్లగ్గు పీకిన పీపా గిటారు కొమ్ము మీద
గడ్డం ఆనించి, తీగ మీటి, కళ్లు మూసుకున్నారు.
"కాదు. పొరబడ్డాను."

నలభై ఏళ్లు రౌటరు మిషను మింగగా మిగిలిన చెవి అది.
కర్ర మాట
ఆయనకి ఎముకలోంచి వస్తోంది.

మర్నాడు రాగి తీగకి ఆర్డరు రాయడానికి
తోమియే గారి లెక్కల పుస్తకం తెరిచాను.
ఒకప్పుడు పికప్పుకి ఎనిమిది వేల రెండు వందల చుట్లు.
రెండేళ్లకి ఎనిమిది వేలు.
తర్వాత ఏడు వేల ఏడు వందలు.
నిరుడు ఏడు వేల రెండు వందలు.
కొలతల కాగితంలో ఈ మార్పు లేదు, ఎవరూ అడగనూ లేదు.
చుట్టు తగ్గినకొద్దీ
పై స్వరాలకి పదునెక్కుతుంది,
మందగించిన చెవికి కూడా అందేటంతగా.

నగోయా నుంచి కొనేవాళ్లు రాస్తున్నారు:
ఈమధ్య మీ గిటార్లకి కొత్త మెరుపొచ్చింది.
"కర్ర మహిమ," అంటారు కుబోదెరా గారు, ఉత్తరం మడిచి.
తోమియే గారు మిషను ఆపకుండానే తలూపుతారు.

ఇవాళ అంకె చూశాను.
ఏడు వేల నూట యాభై.