కొట్టివేత

మంచు రోడ్డు గురించి రాయడానికి కూర్చున్నాం
నేనూ ఊర్మస్సూ, హీయుమా దీవిలో,
ఫెర్రీ టికెట్ల గది మూసేశాక.
ముప్పై చలికాలాలు సముద్రానికి బెజ్జం వేసి
మందం కొలిచినవాడు అతను.
నాకు కామాలు తెలుసు. అంతే.

అతని వాక్యాలు చలికి బిగుసుకున్న తలుపులు,
భుజం పెడితే గానీ తెరుచుకోవు.
మొదటివారం నా పెన్సిలు
కాగితం అంచుల్లోనే తచ్చాడింది,
కొత్తింట్లో లైటు స్విచ్చు వెతుక్కునే చెయ్యిలా.

"అంచున ఎందుకు నిలబడతావు, హెల్వె?
లోపలికి రా. నచ్చనిది కొట్టెయ్."

కొట్టేశాను.
"భయంకరమైన" అన్న మాట, నాలుగుచోట్ల.
వాళ్ళ నాన్న గుర్రం మునిగిపోయిన పేరా, మొత్తం.
పొడుగైందనుకున్నాను, నిజంగానే.

అతనేమీ అనలేదు. టీ చల్లారింది.
మర్నాడు చూస్తే
నా గీత కింద, గీత చెరపకుండా,
చిన్న అక్షరాల్లో గుర్రం పేరు మాత్రం:
తువి.

ఆ రోడ్డు మీద బెల్టు పెట్టుకోకూడదు.
రెండు బళ్ళు దగ్గర దగ్గరగా పోకూడదు.
ఆగకూడదు.
ఈ మాటలు ఎవరివో ఇప్పుడు చెప్పలేను.
అతను మూడు కూడదులు పెట్టాడు,
నేను రెండు తీశాను,
మళ్ళీ ఎవరో పెట్టారు.

వ్యాసం గుర్రం పేరుతో మొదలవుతుంది.
పెన్సిలు బల్ల మధ్యలో ఉంది.
ముందు ఎవరు తీసుకోవాలో తెలీక
ఇద్దరం కిటికీ వైపు తిరిగాం.
ఈ ఏడు సముద్రం గడ్డకట్టనే లేదు.