మైనస్ ఆక్సిజన్

తెల్లారగట్ల నాలుగింటికి
మా చెరువులో ఆక్సిజన్
మైనస్ మూడు పాయింట్ రెండు
అని చెప్పింది నా ప్రోగ్రాం.

కంపైలరు కిక్కురుమనలేదు.
సెమికోలన్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.
ఇంత తప్పు
ఇంత శుభ్రంగా కూడా వస్తుందని
అంతకుముందు నాకు తెలీదు.

సత్యవేణి మేడం వెనకాలొచ్చి
కళ్ళజోడు సర్దుకుని
"ఏంటమ్మా సులోచనా,
రొయ్యలు నీకు గాలి బాకీ పడ్డాయా?" అన్నారు.
ల్యాబంతా నవ్వింది.
నెల్లాళ్ళుగా వెలగని ఏడో నంబరు కంప్యూటరు కూడా
నవ్వినట్టే అనిపించింది.

మా చెరువు అన్నాను గానీ
మాది కాదు.
కాళ్ళ దాటాక ఆరెకరాలు.
ఓనరు భీమవరంలో ఉంటాడు.
మా నాన్న ఏసుపాదం దానికి రాత్రి కాపలా.
మీటరు నీట్లో ముంచి
మేత బస్తాలోంచి చింపిన కాగితం మీద రాస్తాడు:
ఆరింటికి ఎనిమిది.
పదింటికి నాలుగున్నర.
పన్నెండుకి మూడున్నర. చూడాలి.

ఆ "చూడాలి"ని
ఇంటీజర్‌లో పెట్టాలా ఫ్లోట్‌లో పెట్టాలా
ఏ పుస్తకంలోనూ లేదు.
వదిలేశాను.

మిగతా అంకెలు అసైన్‌మెంటుకి పట్టుకెళ్ళాను.
ఇప్పుడెంత ఉంది,
ఎంత జోరుగా తగ్గుతోంది,
ఆ జోరుని గంటలతో గుణించు, తీసెయ్,
మళ్ళీ మొదలెట్టు.
ఆయిలర్ పద్ధతి, పేజీ కూడా లేదు.
నాలుగున్నర బస్సు అందుకోవాలని
సాయంత్రం ఆరు నుంచి తెల్లారి నాలుగుకి
ఒక్క అంగలో దూకేశాను.

ఆ రాత్రి వాన వెలిసింది.
మీటరు పెట్టె పట్టుకుని నాన్న వెనకే నడుస్తున్నాను.
గట్టు నల్లమట్టి, సబ్బు లాగా ఉంది.
ఒకసారి జారి మోకాలు ఆనింది.
నాన్న వెనక్కి తిరక్కుండానే అన్నాడు:
"అంగలెయ్యకే. తడిగట్టు.
లైటులో కనపడినంతే అడుగెయ్యి.
ఏసి, ఆగి, మళ్ళీ చూసుకో."

నేను అక్కడే నిలబడిపోయాను.
దోమలు కుడుతున్నాయి.
"పద" అన్నాడు.

మర్నాడు అడుగుని గంటలో పదోవంతు చేశాను.
పది గంటలవగానే ఆగమన్నాను.
ఆగలేదు.
పదోవంతుల్ని వందసార్లు కూడితే
పది అవలేదట దానికి!
వెంట్రుకవాసి తక్కువలో పదిని దాటేసి
పదకొండు, ఇరవై, మూడొందల గంటలు,
తెల్లారని రాత్రిలోకి
అంకెలు కక్కుకుంటూ పోతూనే ఉంది.
మా పిన్ని డబ్బాతో కొలిస్తే
పది డబ్బాలకి బేసిన్ నిండుతుంది.
మిషనుకి నిండదు.
"సమానం అనే మాట దాని దగ్గర అనకు,
తక్కువా ఎక్కువా అని అడుగు" అన్నారు మేడం,
ఈసారి నవ్వకుండా.

అడిగాను. ఆగింది.
నాలుగింటికి ఒకటి పాయింట్ తొంభై ఐదు.
పదికి తొమ్మిది మార్కులు.

ఆ కాగితం నాన్నకి చూపించాను.
లైటు కింద పెట్టి
పైనుంచి కిందికి వేలు జరుపుకుంటూ చదివాడు.
పన్నెండు దగ్గర వేలు ఆగింది.
"మూడున్నర. సరిగ్గానే ఉందే!"
తర్వాత చివరికి వెళ్ళింది.

"మరి నీ లెక్కలో రొయ్యలేమయ్యాయి?"
"చచ్చిపోతాయి నాన్నా, రెండుకి దిగితే."
"అయ్యో" అన్నాడు, నిజంగానే.
"మరి పన్నెండింటికి స్విచ్చెయ్యలేదా ఎవరూ?"

అవతల ఏరేటర్లు నీళ్ళని
తెల్లగా చిలుకుతున్నాయి.
నేను అంత జాగ్రత్తగా లెక్కగట్టిన రాత్రి
ఈ చెరువు మీదికి రానే లేదు.

ఒక ఇఫ్ రాస్తే చాలు, నాకు తెలుసు.
మూడున్నరకి దిగితే మోటారు వెయ్యి, అంతే.
కానీ ఆ రోజు మీటరు ముంచకముందే లేచాడట,
నీటి వాసన మారిందని.

పన్నెండో గంట పక్కన
రెండు అడ్డగీతలు గీసి,
కంపైలరు చదవకుండా దాటిపోయే చోట
తెలుగులో ఒక్క మాట రాసుకున్నాను.
చూడాలి.