ఇండిగిర్కా

షార్జా సజ్జాల బయట నలభై ఎనిమిది.
రబ్బరు పరదా ఇవతల మైనస్ ఇరవై రెండు.
నడుమ నేను, ఎవరో ఇడిచిపోయిన కోటేసుకొని
చేపల డబ్బాలు లెక్క పెడుతుంట.

ఇయ్యాల వచ్చిన సరుకు మీది అచ్చరాలు
అరబ్బీ గాదు, ఇంగ్లీషు గాదు;
కొన్ని ఉల్టా నిలవడ్డయి.
కిర్గిజ్ డ్రైవరు తాలాంత్‌బెక్ లారీ దిగొచ్చి చదివిండు:
ఇండిగిర్కా. నది పేరు. సైబీరియా కొసకుంటది.

గిర్కా అంటె నాకు గిరక యాదికొచ్చింది,
నూనె లేక కిర్రుమనే గిరక.
గా నీళ్ళను ఎవలు చేదుతరన్నా, అనడిగిన.
నవ్విండు. చేదుడు లేదు, గొడ్డలితోని కొట్టుడే అన్నడు.
ఎనిమిది నెలలు ఆ నది నిద్ర లేవదట.
దాని వీపు మీదనే తొవ్వేసి
పది టైర్ల లారీలు నడుపుతరట.
వాళ్ళన్న ఒక్క చలికాలం నడిపిండట,
ఇంజను బంద్ చెయ్యకుంటనే పండుకునేదట,
బంద్ చేస్తె ఇద్దరూ లేవరని.

మా పెద్దవాగు మీద గూడ లారీలు నడుస్తయి, అన్న నేను.
అంత చలా మీకు?
కాదు. నీళ్ళు లేవు. ఇసుకకొస్తయి.

జరసేపు ఇద్దరం మాట్లాడలే.

పగిలిన డబ్బా ఒకటి పక్కకు పెట్టిన.
లోపలి చేప వంకరగ ఉన్నది,
తోక ఇట్ల తిప్పి,
ఎటో మర్లబోతూ మర్లబోతూ ఆగినట్టు.
పట్టినోడు మంచు మీదికి ఇసిరేసిండేమొ,
కింద పడకముందే గట్టిపడ్డదేమొ.
పోవాల్సిన దిక్కు ఇంకా దాని ఒంట్లనే ఉన్నది.

నా బతాకా మీద గంగనర్సు అని ఉంటది.
సూపర్వైజరు షంసు నర్సూ అని పిలుస్తడు,
గంగను మింగి.

బ్రేకు సైరన్ మోగంగనె
మొప్ప కాడి మంచుపెళ్ళ, గోరంత,
గీకి పిడికిట్ల దాసుకొని బయటికొచ్చిన.
తలుపు దాటంగనె మీసాలు కారినయి.
అరచెయ్యి తెరిచిన.
ఇండిగిర్కా లేచింది.
ఆయుష్షు గీత మీదికెళ్ళి మణికట్టు దాక పారి
వాచీ పట్టీ కాడ ఆగింది.

నాలికతోని అద్దిన.
ఉప్పగున్నది.
ఆ ఉప్పు నాదే, నదిది గాదు.

తాలాంత్‌బెక్ లారీ మళ్ళిచ్చుకుంట హారన్ కొట్టిండు.
లోపల ఇంక నూటా పద్నాలుగు డబ్బాలున్నయి.