అట్టలేని పుస్తకానికి సమీక్ష

మూర్ మార్కెట్ వెనక కొట్లో నలభై రూపాయలకి కొన్నాను.
అట్ట లేదు. మొదటి ఎనిమిది పేజీలు లేవు.
పేరేమిటయ్యా అంటే కొట్టువాడు
"పాత అమెరికా కత, నల్లా ఇరుక్కుం" అన్నాడు.

కోదండపాణి గారు ఫోన్ చేశారు:
"సంఘం పత్రికకి రెండు పేజీలమ్మా.
వ్యంగ్యం గురించి ఒకటి, నైతిక ఎదుగుదల గురించి ఒకటి.
శుక్రవారం లోపు."

మొదటి పేజీ గంటలో అయిపోయింది, పంపేశాను కూడా.
ముప్పై ఏళ్లు రైల్వే ఆడిట్‌లో పనిచేసినదాన్ని,
తప్పులు పట్టడం నాకు వెన్నతో పెట్టిన విద్య.
ఆదివారం ప్రార్థనలో కళ్లు తుడుచుకుని
సోమవారం సంతలో మనిషికి వెల కట్టే పెద్దమనుషులు,
వాళ్ల మర్యాదకి ఇస్త్రీ మడత చెదరదు.
రచయిత ఎక్కడా తిట్టడు.
వాళ్ల మాటలు వాళ్ల చేతే మాట్లాడించి
తను పక్కకి తప్పుకుంటాడు.
పెరంబూరులో, రెండో అంతస్తులో, ఒక్కదాన్నే
పగలబడి నవ్వాను.

"ఏందమ్మా, నీలో నువ్వే నవ్వుకుంటుండావు?"
పెంచలమ్మ. బాత్రూం కడగడం అయింది.
గడప అవతల మెట్టు మీద కూర్చుంది, ఎప్పటిలాగే.
ఓట్టేరి నల్లా పక్క కార్పొరేషన్ క్వార్టర్స్‌లో
తాతల నాటినుంచీ ఉంటున్నారు.
నెల్లూరు యాస ఇంకా నాలుక దిగలేదు.

కత చెప్పాను.
ఒక పిల్లాడు. పెద్ద నది. పారిపోతున్న మనిషి.
ఆ మనిషిని పట్టివ్వకపోతే పాపమని
పిల్లాడికి ఊరంతా కలిసి నేర్పింది.
పట్టివ్వడు.
తప్పు చేస్తున్నానని నమ్ముతూనే ఒప్పు చేస్తాడు.
(ఈ చోట ఎవరో పాత చదువరి పెన్సిల్‌తో
"ముఖ్యం, ఐదు మార్కులు" అని రాసుకున్నాడు.)
నా గొంతు కొంచెం వణికింది,
బాగా చదువుకున్నవాళ్లకి వణికినట్టు.

పెంచలమ్మ కాఫీ ఊదుకుంటూ అంది:
"పిల్లోడు యోచన చేసిందంతా చెప్పినావు.
ఆ పెద్దాయన ఏం యోచన చేసినాడో రాసుండాదా?"

పేజీలు తిప్పాను. ఆడిట్ కళ్లతో వెతికాను.
ఉంది, అక్కడక్కడా, కొంచెం.
పిల్లాడు ఎదగడానికి ఎంత కావాలో అంత.

"పోనీలే" అని లేచింది.
గ్లాసు కడిగి కిటికీ గట్టు మీద
వామాకు కుండీ వెనక బోర్లించింది.
అది దాని చోటు. పదకొండేళ్లుగా.
అక్కడ పెట్టమని నేనెప్పుడూ అనలేదు.
వద్దని కూడా.

రెండో పేజీ మీద "నైతిక ఎదుగుదల" అని రాసి
కింద గీత గీశాను. ఆ గీత కింద ఇంకో గీత.
నీళ్ల లారీ వచ్చి వెళ్లింది.
చీకటిపడే వేళకి నల్లా వాసన మేడెక్కి వచ్చింది.
దాని మీద తెప్పలేమీ కొట్టుకుపోవు.
థర్మోకోల్ ముక్కలు, ఒంటి చెప్పు.

మర్నాడు కాఫీ వేరే గ్లాసులో పోశాను.
మా అమ్మ పేరు చెక్కించిన స్టీలు గ్లాసు.
ఈసారి గొంతు కాదు, చెయ్యి వణికింది.
ఆమె చూసింది.
"నాది యాడికి పోయింది?"
"ఉందిలే. ఇందులో తాగు."
చాలాసేపు ముట్టుకోలేదు.
చల్లారాక ఒక్క గుక్కలో తాగేసింది,
కషాయం మింగినట్టు.
నేనేదో మంచిమాట కోసం కాచుకుని ఉన్నానని
అప్పుడు తెలిసింది నాకు.
ఈ వాక్యం కొట్టేయాలి. సమీక్షకి సంబంధం లేదు.

ఆమె గ్లాసు కడిగింది.
అలవాటుగా తీసుకెళ్లి
వామాకు కుండీ వెనక బోర్లించింది.
ఇప్పుడక్కడ రెండున్నాయి.

శుక్రవారం కోదండపాణి గారు మళ్లీ చేశారు.
"వ్యంగ్యం అద్భుతంగా వచ్చిందమ్మా! రెండో పేజీ?"

ఈ పుస్తకంలో కొన్ని పేజీలు లేవండీ, అన్నాను.
అబద్ధం కాదు.
మొదటి ఎనిమిది లేవు.