అంతర్జంఘిక

కాలు ఫోటోకి ఊపిరి బిగబట్టక్కర్లేదు.
ఛాతీకి చెప్పే మాట అలవాటులో నోరు జారింది.
అయినా ఆయన బిగబట్టాడు.
నూట పద్దెనిమిది కిలోల మనిషి
వులన్‌గాంగ్ ఆసుపత్రి నేలమాళిగలో
నా బల్లకి రెండు వైపులా మిగిలిపోతూ
బుద్ధిమంతుడిలా, కదలకుండా.

ఫారంలో పేరు ఇసోగై మునెహిరో. నలభై మూడేళ్ళు.
వృత్తి అన్న గడిలో ఏదో రాసి కొట్టేసి
పక్కన ఇరికించాడు: స్టీల్ ప్లాంట్, రాత్రి షిఫ్టు.
కొట్టేసిన మాట కొట్టేసినా చదవొస్తోంది.

తెర మీద కాలు వెలిగింది.
ఎనిమిదో తరగతిలో నోరు తిరగక
నేను బెత్తం దెబ్బ తిన్నది ఈ ఎముక పేరుకే.
అందరికీ వెదురు గొట్టంలా ఉండేది
ఈయనకి ముందువైపు గోడ మందాన పేరుకుంది,
మూలుగ ఒక మూలకి సర్దుకుంది.
పగిలి, అతికి, అతికినచోటే మళ్ళీ పగిలి,
ఎముక మీద ఎముక.
దెబ్బకి దెయ్యం దడుస్తుందంటారు మా వైపు.
ఈ కాలు దెయ్యాన్ని కాపురానికి తెచ్చుకుంది.

ఇదెప్పటిది, అన్నాను, ఒక తెల్ల గీత చూపించి.
పాత వీధిని గుర్తుపడుతున్నట్టు చూశాడు.
పెర్త్. రెండో రౌండు. నేను తన్నాను, అతను మోకాలెత్తాడు.
ఇది?
ఒసాకా. గెలిచాను.
ఇది?
తలుపు.
తలుపా?
ఓడాక, డ్రెస్సింగ్ రూం తలుపు, అని నవ్వాడు.
ముందుపన్ను ఒకటి మిగతావాటికంటే తెల్లన.

నలభై ఒక్క పోటీలు. ఇరవై గెలుపులు.
మిగిలిన లెక్క ఆయన చెప్పలేదు,
నేను తీసివేత చేసుకున్నాను.

మురొరాన్ రేవులో చేపల పెట్టెలు
రెండేసి ఎత్తుతుంటే ఎవరో చూసి కార్డు ఇచ్చారట.
అంత ఒళ్ళు ఆ ఊళ్ళో ఇంకెవరికీ లేదట.
విమానాల్లోంచి కొండల్లాంటి వాళ్ళు దిగిన ప్రతిసారీ
మన మనిషి, మన మనిషి, అంటూ
ఈయన్ని తెచ్చి ఎదురు నిలబెట్టారు.
జనం తన పేరు అరుస్తుండగా పడిపోతే
నేల తగిలేలోపే ఆ పేరు ఆగిపోతుందట.
ఆ మధ్య కాస్త ఖాళీ ఉంటుంది, అన్నాడు. చల్లగా.

ఈ ఊరికి చివరి పోటీకి వచ్చాడు.
క్లబ్బు హాలు, బీరు వాసన, మూడొందల కుర్చీలు.
పడగొట్టినవాడు బ్లగోయ, క్రేన్ డ్రైవరు.
డబ్బులిస్తానన్నవాడు రాత్రికి రాత్రే మాయం.
మర్నాడు బ్లగోయ వాళ్ళమ్మ చేసిన మిరపకాయల పచ్చడి,
ఆ పై వారం ప్లాంటులో ఉద్యోగం.
ఆరేళ్ళయింది.
ఇప్పుడూ బయట వసారాలో వాడే,
ఈయన బూటొకటి ఒళ్ళో పెట్టుకుని కునుకుతున్నాడు.

సరే, ఈ కొత్త గీత?
వెంట్రుకంత సన్నం, నల్లగా, పాతవాటికి అడ్డంగా.

అప్పుడు లేచి కూర్చున్నాడు.
గురువారం క్లాసులో, పోర్ట్ కెంబ్లా హాల్లో,
ప్యాడు కిందకి జారింది. తొమ్మిదేళ్ళ పిల్ల.
తుంటి తిప్పింది, మడమ లేపింది, కళ్ళు మూయలేదు.
పెద్ద పెద్దవాళ్ళు కళ్ళు మూస్తారు, తెలుసా మీకు?
నాకు తెలీదు.
కాలు ఎప్పటినుంచో విరగడానికి సిద్ధంగా ఉండుంటుంది,
ఎవరు తగిలినా విరిగేది, అందామనుకున్నాను.
అనలేదు.

ఒక కాపీ ఇస్తారా, ఆ పిల్లకి చూపించాలి.
డాక్టరు చూడకుండా ఇవ్వకూడదు, అన్నాను.
అర్థమైందన్నట్టు తల వంచాడు, నడుము దాకా,
కూర్చునే, విరిగిన కాలుతోనే.

సీసపు ఆప్రాన్‌కి మడత సరిగా పడటంలేదు.
అటు తిరిగి, దులిపి, మళ్ళీ మొదటినుంచి మడతపెట్టాను.
వెనకాల ఫోను క్లిక్కుమంది.
ఇంకోసారి క్లిక్కుమంది.
మొదటిది కదిలినట్టుంది.