వాలు

నాలుగున్నరకి ఫోను.
"మేస్త్రీ, మళ్ళీ మొండికేసింది."
హలో లేదు, పేరు లేదు.
చీమకుర్తి రోడ్డులో ఈ చలికాలం
నన్ను లేపేది కోళ్ళు కావు, లేవని బండ్లు.

ఓనర్లు నలుగురు మారారు, రంగు ఆరుసార్లు మారింది.
మీటరు తొమ్మిది లక్షల నలభైవేల దగ్గర
ఆగిపోయి మూడేళ్ళు.
ఆ తర్వాత మోసిన గ్రానైటు లెక్క
కృష్ణపట్నం ఓడలకే ఎరుక.

మాలకొండయ్య అప్పటికే రెండు బ్యాటరీలు మార్చాడు,
రెండోదానికి వాయిదాలు ఇంకా కడుతున్నాడు.
సెల్ఫ్ మోటారు ఒంగోలు మోసుకుపోయి చుట్టించాడు.
క్లీనరు పెంచలయ్య గోనెపీలిక డీజిల్లో ముంచి
గాలిగొట్టం ముందు అంటించబోతుంటే
చేతిమీద ఒక్కటేశాను.
"ముసల్దాని మూతికి కొరివి పెడతావంట్రా?"

"కొట్టు" అన్నాను. కొట్టాడు.
సెల్ఫ్ గట్టిగానే తిరిగింది.
బ్యాటరీ పాపం ఏమీ లేదు.
నేను బానెట్టు వైపు చూళ్ళేదు, వెనక్కిపోయి
సైలెన్సరు దగ్గర గొంతుక్కూర్చున్నా.
తెల్లపొగ వస్తే డీజిల్ లోపలికి పోతోంది, కాలట్లేదని.
రింగులో వాల్వులో పోయినట్టు, ఇంజను దింపాలి,
మాలకొండయ్య పెళ్ళాం గాజులు కూడా దిగాలి.
పొగే లేదు.
పొయ్యి రాజెయ్యని ఇంటి చూరులాగా
చల్లగా, ఉత్తగా.
దాని నోట్లో చుక్క పడలేదన్నమాట.

"రాత్రి ఎట్టా ఆపావు?"
"ఎట్టా ఏంది, ఆపా."
"మూతి ఎటు?"
తల గోక్కున్నాడు.
మొన్న క్వారీ దిగుడులో మూతి కిందికి: ఒక్క దెబ్బకి లేచింది.
అటుమొన్న కాటా దగ్గర ఎత్తుమీద: ఏడుంబావుదాకా ఏడిపించింది.
నిన్న ఇక్కడ, టీకొట్టు గట్టెక్కించి, మూతి పైకి.
చెబుతా చెబుతా ఆగిపోయాడు.
రెండు నెల్లుగా జవాబు జేబులోనే ఉంది మనిషికి,
అడిగినోడు లేక.

రాత్రంతా డీజిల్ వెనక్కి, ట్యాంకులోకి జారుకుంటోంది.
ఖాళీ అయిన చోట్లోకి ఎటునుంచో గాలి దూరుతోంది.
పీల్చేవైపు చిల్లి బయటికి కారదు,
లోపలికి తాగుద్ది. ఎంత తడిమినా వేలికి తడి అంటదు.
తాపీపని ఏసోబుని లేపి
నీళ్ళమట్టం చూసే గొట్టం మూరెడు కోసుకొచ్చా.
"నా మట్టం పోయె" అని వాడి గొణుగుడు.
ట్యాంకు పక్కన తొడిగి చేతిపంపు నొక్కితే
కల్లులాగా నిండుగా వచ్చింది, బుడగ లేదు.
ఫిల్టరు ముందుకి జరిపా.
టార్చి వెలుగులో
ఆవగింజంత బుడగ ఒకటి
తొందరేమీ లేనట్టు పైకి పోయింది.
వెనకే ఇంకోటి.
ముగ్గురం నోరు తెరుచుకుని చూశాం,
స్కానింగులో బిడ్డని చూసినట్టు.

రాగి వాషరు.
ఎవరో ఎన్నోసార్లు విప్పి, అదే మళ్ళీ బిగించి
గోరులాగా అరగదీశారు.
కొత్తది కావాలంటే ఒంగోల్లో షాపు తెరవాలి.
వెంగమ్మ టీపొయ్యిలో ఎర్రగా కాల్చి
కప్పులు కడిగే నీళ్ళలో వేశా, చుయ్యిమంది.
రాగి మెత్తబడింది. వెంగమ్మ మెత్తబడలేదు,
ఆ నీళ్ళు పారబోసి, నాచేతే బోరింగు కొట్టించింది.

ఆరుంబావుకి లేచింది బండి. నల్లగా ఒకసారి దగ్గి,
గంటలాగా పట్టుకుంది.
మాలకొండయ్య డబ్బులివ్వలేదు. కిరాయి వచ్చాక అన్నాడు.
నేనూ సరేనన్నా, ఎప్పుడూ అనేదే.

మర్నాడు నాలుగున్నరకి ఫోను రాలేదు.
మెలకువ మాత్రం వచ్చింది.
టీకని నడిచిపోతే బండి అప్పటికే వెళ్ళిపోయింది,
గట్టు ఖాళీ.
రోడ్డుకవతల దిగుడులో
పల్లపు కొసన ఆయిలు మరకలు నాలుగు, ఇంకా తడిగా,
టైర్లకి అడ్డంపెట్టిన గ్రానైటు ముక్కలు రెండు.