తీసిన ఇల్లు

కూబర్ పీడీలో జనవరి. నలభై ఏడు డిగ్రీలు.
కారు తలుపు పిడి ముట్టుకుంటే
పెనం మీద నీటిచుక్కలా చెయ్యి ఎగిరింది.
చెట్టన్నది లేదు. కనుచూపు మేరా తెల్లటి మట్టికుప్పలు,
నేలనంతా చేటలో చెరిగి పోసినట్టు.
"వెనక్కి నడవకండి" అని బోర్డు.
కుప్ప పక్కనే గుంత నోరు తెరిచి ఉంటుంది మరి.

ఊరెక్కడ? అని అడిగాను.
మడమతో నేలను రెండుసార్లు తట్టి చూపించాడు స్తమాటిస్.

ముప్పై నాలుగేళ్లు ఓపల్ రాళ్ల కోసం తవ్విన మనిషి.
ఇప్పుడు చూపు పోయింది.
భార్య ఫొటీనికి మోకాళ్లు పోయాయి.
మెట్లుండకూడదు, ఏసీ ఉండకూడదు,
కరెంటు బిల్లు చూసి గుండె జారకూడదు.
గుట్ట పక్కనుంచి లోపలికి నేరుగా నడిచిపోయే ఇల్లు కావాలి.
అందుకని నన్ను అడిలైడ్ నుంచి రప్పించారు,
తొమ్మిది గంటల దారి.

గీతలు గీశాను.
నెత్తిన నాలుగు మీటర్ల రాయి వదలాలి.
గదికీ గదికీ మధ్య కొండ కొంచెం మిగలాలి.

ఇల్లు కట్టి చూడు అంటారు మా వైపు.
ఇక్కడ కట్టడానికేముంది?
బావి తీసినట్టు ఇల్లు తీయడమే.
అలమర కావాలా, గోడలో కొంత తీసెయ్.
చుట్టమొచ్చాడా, గది తీసెయ్.
పోయినేడు ల్యూబో సామాన్ల గది తీస్తూ తీస్తూ
పక్కావిడ స్నానాల గదిలో తేలాడట.
ఆవిడ సబ్బుపెట్టె విసిరిందట.
ఆ కన్నం ఇప్పటికీ పూడ్చలేదు.
అందులోంచి పంచదార అటు, గుడ్లు ఇటు.

యంత్రం వచ్చి పదకొండు రోజులు కొండను నమిలింది.
గోడలకు జిగురు పూయిద్దాం, దుమ్ము రాలదు,
అద్దంలా ఉంటుంది, అన్నాను.
స్తమాటిస్ పలకలేదు.
గోడ మీద అరచెయ్యి ఆనించి నడవంతా నడిచాడు.
యంత్రం పళ్లు గీసిన వలయాలు,
ఒకచోట వత్తుగా, ఒకచోట ఎడంగా.
"ఇది వంటిల్లు. ఇది మలుపు. ఇక్కడ పక్క.
నా కంట్లో జిగురు పోస్తానంటావేం పిల్లా?"

నా కాగితం మీద ఆ గోడ ఉత్త నల్లగీత.
దాని పక్కన రాసిన "పూత" అన్న మాట కొట్టేశాను.

గాలి సంగతిలో మాత్రం నేను దిగిరాలేదు.
మూడు గొట్టపుదారులు పైకి ఉండి తీరాలన్నాను.
మా ఊళ్లో జొన్నలు పాతర వేసేవాళ్లు.
పాతర తెరిచిన రోజు హుసేనప్ప ముందు తాను దిగేవాడు కాదు.
తాడుకు కట్టి లాంతరు దింపేవాడు.
దీపం కొండెక్కిందా,
ఎంత ఆకలైనా పూట ఆగాల్సిందే.
నాకు గాలి లెక్కలు నేర్పింది విశ్వవిద్యాలయమని
పట్టా మీద అచ్చేసి ఉంది.

తాళాలిచ్చే రోజు, బయట ఇంకా నలభై ఒకటి.
లోపల ఇరవై నాలుగు, కుండ అడుగు చల్లదనం.
నట్టింట కొవ్వొత్తి వెలిగించి కూర్చున్నాను.
మంట నిటారుగా నిలబడి కాసేపు ఆలోచించింది,
తర్వాత గొట్టం వైపు మెల్లిగా తల వాల్చింది.
స్తమాటిస్ వేలు నాలుకకు తడి చేసుకుని పైకెత్తి
అటే చూపించాడు.

అంతా బాగుంది, వాన వినపడదు, అంది ఫొటీని.
పాత రేకుల కొట్టంలో అదొక్కటే సుఖమట.
ఏడాదికి నాలుగు జల్లులు పడే చోట
దానికోసమూ గీత గీయాలా?
వంటింటి గొట్టం నెత్తిన, పక్కలకు గాలి ఆడేట్టు,
ఒక వట్టి రేకు బిగించి వచ్చాను.

అక్టోబరు. రాత్రి రెండున్నర. ఫోను.
మాట లేదు.
టప్.
నేను పక్క మీద లేచి కూర్చున్నాను.
చాలాసేపటికి మళ్లీ, టప్ టప్.

"ఫొటీని నిద్రపోతోంది," అన్నాడు గుసగుసగా,
"లేపనా?"